నాలుగు నెలల వేసవి: ఆల్గోంక్విన్ వనసరస్సులు నేర్పు పాఠము

మన దేశమున వేసవి యనగా భూమి యెండు కాలము. చైత్రము దాటకమునుపే చెరువులు అడుగంటును. వైశాఖమునాటికి పొలము నెఱ్ఱెలలో చేతికఱ్ఱ దూరును. పశువులు నీడను వెదకుకొనుచు తిరుగును. రైతు తొలకరికై ఆకాశము వంక చూచుచుండును. కావున వేసవి యను మాట వినినప్పుడు మన విద్యార్థుల మనస్సున సెలవుల సంతోషముతోపాటు ఎండయు దాహమును తోచుట సహజము. అయితే ఉత్తరమునందలి శీతలదేశములలో వేసవియే బ్రతుకు కాలము. అచ్చటి సరస్సులు ఏటికి ఇంచుమించు అయిదు నెలలు మంచుగడ్డ క్రింద నుండును. మే నెల నడుమ మొదలుకొని సెప్టెంబరు నడుమ వరకు గల నాలుగు నెలలలోనే ప్రతి ప్రాణియు గూడు కట్టి, పిల్లలను పెంచి, రాబోవు చలికి సిద్ధపడవలెను. అట్టి యొక సీమను గూర్చియు, అచ్చటికి వేసవిలో విశ్రాంతికై పోవు మనుష్యుల వనవాసమును గూర్చియు ఈ పాఠమున వివరింపదలచితిమి.

మేము ఎన్నుకొనిన సీమ కెనడా దేశమున ఒంటారియో రాష్ట్రమందలి ఆల్గోంక్విన్ వనము. ఆ రాష్ట్రమునకును మన తెలుగుదేశమునకును పాత సంబంధము కలదు. 1874లో కాకినాడలో సేవ ప్రారంభించిన కెనడా బాప్తిస్టు మిషనును పోషించిన సంఘములలో ఒంటారియో సంఘములు ముఖ్యమైనవి. సముద్రతీర జిల్లాలలో పాఠశాలలును వైద్యశాలలును స్థాపించిన మిషనరీలలో అనేకులు ఆ రాష్ట్రమునుండి వచ్చినవారే. కావున వారి జన్మభూమి యెట్టిదో కొంత తెలిసికొనుట మనకు ఉచితము.

1. ప్రదేశము

ఆల్గోంక్విన్ వనము టొరంటో నగరమునకు ఉత్తరముగా మూడు గంటల మోటారు ప్రయాణదూరమున నున్నది. 1893లో ఆ రాష్ట్రప్రభుత్వము దీనిని రక్షితవనముగా ఏర్పరచెను. ఒంటారియో రాష్ట్రమున అట్టి వనములలో ఇదియే మొదటిది. దీని వైశాల్యము 7,600 చదరపు కిలోమీటరులకు పైబడినది. అనగా 2022లో జిల్లాల విభజన జరుగకమునుపు ఉండిన కృష్ణాజిల్లాకంటె కొంచెము చిన్నది. ఇందులో చిన్నవియు పెద్దవియు కలిసి సుమారు 2,400 సరస్సులు కలవు. వేలకొలది సంవత్సరముల క్రిందట ఈ దేశమును కప్పియుండిన మహాహిమరాశి రాతినేలను గీచి గోతులు చేసెను. అది కరగి వెనుకకు తగ్గినప్పుడు ఆ గోతులలో నీరు నిలిచి సరస్సులైనవి. మన చెరువులకున్నట్లు వీనికి కట్టలు లేవు, తూములు లేవు, ఆయకట్టు లేదు. రాతి యొడ్డులును, వానిపై పైను, హెమ్లాకు చెట్లును, పడమటి భాగమున మేపుల్ అడవులును వీని చుట్టును గలవు.

ఆరంభమున ఈ వనమును ఏర్పరచుటలో ప్రభుత్వమువారి ముఖ్యోద్దేశము విహారము కాదు. ఇచ్చట పుట్టు నదుల మొదళ్లను కాపాడుట, అడవి నరికి సేద్యము చేయువారు వచ్చి స్థిరపడకుండ చేయుట, అడవి జంతువులను రక్షించుట యనునవే కోరబడినవి. కలప కొట్టుట మాత్రము నాడు ఆపబడలేదు. వనములో కొంత భాగమున నేటికిని అది సాగుచున్నది.

ఈ వనమునకు పేరు అచ్చటి ఆదివాసులైన ఆల్గోంక్విన్ జనులనుబట్టి వచ్చినది. రక్షితవనము ఏర్పడుటకు ఎన్నో తరములకు పూర్వమే వారు ఈ సరస్సులమీద తిరుగుచు, చేపలు పట్టుచు, వేటాడుచు జీవించిరి. భూర్జవృక్షపు బెరడును తేలికైన కఱ్ఱచట్రముపై పఱచి, స్ప్రూస్ చెట్టు వేళ్లతో కుట్టి, అతుకులకు చెట్టుబంక పూసి వారు చేసిన దోనెలే నేటి విహారదోనెలకు మూలము. మన పూర్వులు ఏ భూర్జపత్రముపై గ్రంథములు వ్రాసిరో, ఆ జాతి చెట్టు బెరడే వారికి ఓడయైనది. ఆ భూమి తమదని వారు ప్రభుత్వముతో వాదించుచు రాగా, 2016లో ఒక ప్రాథమిక ఒప్పందము జరిగినది. అందమైన అడవిని చూచునప్పుడు అది పూర్వమెవరి యిల్లో జ్ఞాపకముంచుకొనుట న్యాయము.

2. సరస్సులోని గాదె

విద్యార్థులు ప్రకృతిశాస్త్రమున చదివిన యొక చిన్న విషయము ఈ సరస్సుల జీవితమునకు తాళపుచెవి వంటిది. నీరు 4 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మిక్కిలి బరువుగా నుండును. అంతకంటె వేడెక్కినను తేలికయగును. అంతకంటె చల్లబడినను తేలికయగును. అందువలననే మంచుగడ్డ నీటిపై తేలును. సరస్సు అడుగున చేపలు చలికాలమంతయు బ్రతికియుండును.

ఏప్రిలు చివరను మంచు కరగిన వెంటనే సరస్సులోని నీరంతయు పైనుండి క్రిందివరకు ఒకే చల్లదనమున నుండును. అప్పుడు గాలి వీచినయెడల నీరు అడుగువరకు కలియబడును. పైనున్న నీరు ఆకాశమునుండి గ్రహించిన ప్రాణవాయువును అడుగునకు కొనిపోవును. జూను వచ్చుసరికి సూర్యుడు పైనీటిని వేడిచేయును. వేడియెక్కిన తేలికనీరు పైనను, చల్లని బరువైన నీరు క్రిందను వేరువేరు పొరలుగా నిలుచును. అటుపిమ్మట గాలి యెంత వీచినను ఆ రెండు పొరలును కలియవు. సరస్సులో నిలువుగా దూకినవాని ఛాతీకి వెచ్చదనమును పాదములకు జిల్లుమను చలియు ఒకేసారి తగులుట దీనివలననే.

అచ్చటి ట్రౌట్ అను చేప చల్లని నీటిలోనే బ్రతుకగలది. వేసవిలో అది క్రింది పొరలోనికి దిగిపోవును. ఆ పొరకు శరత్కాలమున మరల నీరు కలియువరకు క్రొత్త ప్రాణవాయువు రాదు. రైతు కోతకాలమున గాదెలో పోసిన ధాన్యముతోనే మరుసటి కోతవరకు కాలము గడుపునట్లు, ఈ చేప వసంతమున నిండిన ప్రాణవాయువుతోనే వేసవినంతయు గడపవలెను.

ఇప్పుడొకడు ఒడ్డున కూర్చుండి సబ్బుతో పాత్రలు తోమి ఆ నీరును, మిగిలిన అన్నమును సరస్సులో పారబోసెననుకొందము. అందులోని భాస్వరము మొదలగునవి పాచికి ఎరువగును. పాచి బలిసి, చచ్చి, అడుగునకు దిగి క్రుళ్లును. ఆ క్రుళ్లుట అడుగునున్న ప్రాణవాయువును తినివేయును. గాదెలోని ధాన్యమును ఎలుకలు తినినట్లే యగును. ఒకరు చేసినపుడు కనబడని యీ కీడు, వేలమంది ఏటేట చేసినయెడల చేపలకు ఊపిరి సలుపనీయదు. అందుచేతనే అచ్చట విడిదిచేయువారు ఒడ్డునకు దూరముగా పోయి కడుగుకొని, ఆ నీరును మట్టిలో పోయవలెనని నేర్పుదురు. నియమము చిన్నది, దాని వెనుకనున్న కారణము సరస్సంత లోతైనది.

3. వేసవి కాపురములు

ఈ సరస్సులకు రాజువంటి పక్షి లూన్. ఇది మన నీటికాకివలె నీటమునిగి చేపలు పట్టునది. అయితే దానికంటె పెద్దది. వీపున నలుపు తెలుపు గడులు, ఎఱ్ఱని కన్నులు దీని గుర్తులు. రాత్రివేళ దీని కూత కొండలకు తగిలి మ్రోగినపుడు క్రొత్తవారు ఎవరో యేడ్చుచున్నారనియు, నవ్వుచున్నారనియు భ్రమపడుదురు. ఎగురు పక్షులలో చాలవానికి ఎముకలు బోలుగా నుండగా, దీని యెముకలు గట్టివి, బరువైనవి. అందుచే మునుగుట సులభము, ఎగురుట కష్టము. నీటిమీద చాలదూరము పరుగెత్తినగాని అది గాలిలోనికి లేవలేదు.

మంచు విడిన దినములలోనే లూన్ జంట తమ సరస్సునకు తిరిగివచ్చును. దీని కాళ్లు శరీరమునకు మిక్కిలి వెనుక నుండుటచే నేలపై నడువజాలదు; కావున నీటి యంచునకు ఆనుకొనియే గూడు కట్టి ఒకటి రెండు గ్రుడ్లు మాత్రము పెట్టును. సుమారు నాలుగు వారములు ఆలుమగలు వంతులవారీగా పొదుగును. పిల్లలు పుట్టిన తొలి దినములలో తల్లిదండ్రుల వీపుపై నెక్కి తిరుగును. ఇంజను పడవ వేగముగా పోయినయెడల దాని అల గూటిని ముంచును. దోనెవాడు ముచ్చటపడి గూటి దగ్గరకు పోయినయెడల తల్లి నీటిలోనికి జారిపోవును. గ్రుడ్లు చలికి పాడగును, లేదా కాకుల పాలగును. గాలమునకు కట్టు సీసపు గుండును మ్రింగినయెడల పక్షియే విషమెక్కి చచ్చును. ఒక్క పిల్ల పోయెననగా ఆ జంటకు ఆ యేటి పంట సగమో, అంతయో పోయినట్లే.

రెండవ ప్రాణి తాబేలు. అచ్చటి యొక పెద్ద తాబేటిని స్నాపింగ్ తాబేలు అందురు. అనగా చటుక్కున కఱచునది. ఈ వనములోని సాసజీవన్ సరస్సు ప్రక్కన 1944లో ఒక వన్యప్రాణి పరిశోధనశాల స్థాపింపబడెను. అచ్చటి శాస్త్రజ్ఞులు 1972 మొదలుకొని ఈ తాబేళ్లకు గుర్తులు పెట్టి ఏటేట లెక్కించుచున్నారు. వారు కనుగొనినదేమనగా, ఆడ తాబేలు పదునేడు పదునెనిమిది సంవత్సరముల ప్రాయము వచ్చువరకు గ్రుడ్లు పెట్టదు. జూనులో ఎండ తగులు ఇసుకలోనో, బాట ప్రక్కనున్న కంకరలోనో ముప్పదికి పైబడి గ్రుడ్లు పెట్టి పూడ్చిపోవును. నక్కలును రకూనులును వానిలో చాలభాగము త్రవ్వి తినును. వేసవి చల్లగా నున్నయెడల మిగిలినవియు పొదుగబడవు. వేయి గ్రుడ్లలో ఒకటియైన పెద్దతాబేలగుట అరుదు. అయినను ఆ జాతి నిలిచియున్నదనిన, పెరిగిన తాబేలు దీర్ఘాయువు కలది గనుకనే. అది నూరేండ్లు దాటి బ్రతుకగలదని పరిశోధకుల అంచనా.

1980వ దశకము చివర వరుసగా కొన్ని చలికాలములలో నీటికుక్కలు మంచు క్రింద నిద్రించుచున్న పెద్ద తాబేళ్లను చంపెను. లెక్కలో నున్న తాబేళ్లు సగమునకు తగ్గిపోయినవి. ఇరువదియేండ్లకు పైగా గడచిన పిమ్మట మరల లెక్కింపగా వాని సంఖ్య కోలుకొనలేదని తేలినది. ఈ ఫలితము 2018లో ప్రకటింపబడినది. ఇది మనుష్యుడు చేసిన పని కాదు. అయినను మనుష్యునికి ఇందులో గొప్ప హెచ్చరిక కలదు. బాటపై గ్రుడ్లు పెట్టవచ్చిన ఒక తాబేటిని మోటారు త్రొక్కినయెడల, పోయినది ఒక ప్రాణము మాత్రమే కాదు. పదునెనిమిదేండ్ల పెంపకమును, రాబోవు అనేక సంవత్సరముల గ్రుడ్లును పోయినవి. నిమిషములో పోయినది తరమునకుగాని రాదు.

మూడవది మూస్. ఇది మన కణితికి దూరపు బంధువు. లేళ్ల జాతిలో ప్రపంచమున కెల్ల పెద్దది. జూను, జూలై నెలలలో ఇది మెడలోతు నీటిలో నిలిచి నీటిమొక్కలను తినుచుండును. చలికాలమంతయు చెట్ల కొమ్మలు తిని బ్రతికిన యీ జంతువునకు ఉప్పు కొఱత యేర్పడును; నీటిమొక్కలలో ఆ యుప్పు దొరకును. ఆ మొక్కలు పెరుగు మడుగులను అనేకచోట్ల కట్టిపెట్టునది బీవరు. అది పండ్లతో చెట్లను కొఱికి పడగొట్టి, వాగుకు అడ్డముగా కట్ట వేసి, నీరు నిలిపి, నడుమ తన యిల్లు కట్టుకొనును. ఆ మడుగులో కప్పలు, బాతులు, చేపలు, మూస్‌లు, అన్నియు బ్రతుకును. ఊరికి చెరువు త్రవ్వించిన పుణ్యాత్ముని పేరు మనము చెప్పుకొందుము; అడవికి ఆ ధర్మము చేయునది ఈ చిన్న జంతువు.

పాఠము సంపూర్ణమగుటకు నల్ల ఈగను గూర్చియు చెప్పవలెను. మే నడుమ మొదలుకొని జూను చివర వరకు నల్ల ఈగలును, వాని వెంటనే దోమలును యాత్రికులను పీడించును. నల్ల ఈగ పిల్లలు వేగముగా పారు స్వచ్ఛమైన వాగులలో పెరుగును. వానిని చేపలు తినును. ఎగురునపుడు పక్షులు తినును. మనకు బాధగా నున్నది అడవికి అన్నముగా నున్నది.

4. మనుష్యుల వనవాసము

ఇట్టి సీమకు మనుష్యులు విహారమునకు వచ్చుట ఇనుపదారితో మొదలైనది. 1896లో ఈ వనముగుండ రైలుదారి పూర్తియయ్యెను. 1908లో రైలు కంపెనీవారు కేష్ సరస్సు నొడ్డున హైలాండ్ ఇన్ అను పెద్ద హోటలు కట్టించిరి. 1917లో అదే సరస్సులో బార్ట్‌లెట్ లాడ్జి యను విడిది తెరువబడినది. నేటికిని అతిథులు అచ్చటికి పడవపైననే పోవుదురు. 1930వ దశకమున మోటారుబాట వచ్చినది. అయినను వనములో అత్యధికభాగమునకు నేటివరకు బాట లేదు. దోనెయు కాలినడకయే సాధనములు.

వేసవి శిబిరములకు ఈ వనము ప్రసిద్ధమైనది. 1906లో ఫ్యానీ కేస్ అను ఉపాధ్యాయురాలు బాలికలకై కేష్ సరస్సున నార్త్‌వే లాడ్జి యను శిబిరము నెలకొల్పెను. ఆడపిల్లలు దోనె నడుపుట, గుడారములో పండుకొనుట వింతగా తోచిన దినములవి. 1921లో టేలర్ స్టాటెన్ అను నాయన కానో సరస్సున బాలురకై అహ్మెక్ శిబిరమును, 1924లో బాలికలకై వాపోమియో శిబిరమును స్థాపించెను. ఈయన వై. ఎం. సి. ఎ. వారి బాలశాఖలో పనిచేసినవాడు. బుద్ధి, శరీరము, భక్తి, సంఘజీవనము అను నాలుగింటను బాలుడు సమముగా పెరుగవలెనను శిక్షణపద్ధతిని వ్యాపింపజేసినవారిలో నొకడు. అహ్మెక్ అనగా అచ్చటి ఆదివాసుల భాషలో బీవరు. పని చేయు జంతువు పేరు బాలుర శిబిరమునకు తగియున్నది.

దోనెయాత్ర యెట్లు జరుగునో వివరింతము. ఇద్దరు ముగ్గురు ఒక దోనెలో గుడారము, దుప్పట్లు, వంటపాత్రలు, కొన్నిదినముల భోజనము సర్దుకొని బయలుదేరుదురు. ఒక సరస్సు చివరకు చేరగానే దోనెను నీటినుండి లేపి, తలక్రిందులు చేసి, ఒకడు భుజములపై మోయును. తక్కినవారు మూటలెత్తుకొందురు. అడవిలో కాలిదారిన నడచి రెండవ సరస్సు చేరి మరల దోనె నీట దింపుదురు. ఇట్టి మోతదారుల మొదట పసుపుపచ్చని పలకలు కట్టబడియుండును. కొన్ని దారులు కొలది నిమిషములలో ముగియును. కొన్ని కిలోమీటరుల పొడవున సాగును. పాతకాలపు దేవదారు కఱ్ఱ దోనె ముప్పది కిలోగ్రాములకు పైగా తూగెడిది. నేటి దోనెలలో ఇరువదిలోపు తూగునవియు కలవు. అయినను పెనుభారము మాత్రము ఒకటే: అక్కఱలేని సామాను. మొదటి మోతదారిలోనే మనుష్యునికి తన కవసరమైనదేదో, కానిదేదో తెలిసిపోవును.

అచ్చట జూను నెలలో పగలు సుమారు పదునైదున్నర గంటలుండును. కాకినాడలో అది పదమూడు గంటలు మాత్రమే. ఉదయమున గాలి లేవకమునుపు ప్రయాణము సాగింతురు. మధ్యాహ్నమున పెద్దసరస్సులమీద అలలు లేచును. ప్రతివాడు తేలుడుచొక్కా ధరింపవలెను. మే నెలలో నీటబడిన మంచి ఈతగానినైనను చలి కొంకర్లు పోవజేయును. రాత్రి భోజనపుమూటను ఎలుగుబంటికి అందకుండ విడిదికి దూరముగా చెట్టుకొమ్మకు వ్రేలాడగట్టుదురు. జూలై చివర రాతిగుట్టలపై బ్లూబెర్రీ పండ్లు పండును. వానికై ఎలుగుబంటియు వచ్చును, యాత్రికుడును వచ్చును. ముందు వచ్చినవానికి రెండవవాడు మర్యాదతో దారి యిచ్చుట మేలు.

ఈ వనము చూచువానిని శిల్పిగా చేయగలదనుటకు టామ్ థామ్సన్ అను చిత్రకారుడు నిదర్శనము. ఆయన 1912లో మొదటిసారి ఇచ్చటికి వచ్చి, దారిచూపువాడుగను, అగ్నికాపరిగను పనిచేయుచు, దోనెలో తిరుగుచు, చిన్న చెక్కపలకలపై కనులెదుటి ఆకాశమును, నీటిని, చెట్లను చిత్రించెను. 1917 జూలైలో కానో సరస్సునందే ఆయన మృతిచెందెను. ఆయన చిత్రములు నేడు కెనడా దేశపు కళాశాలలలో పూజ్యముగా నిలిచియున్నవి. ఆయన సాధనము ఒక దోనె, ఒక రంగులపెట్టె, చూచుటకు ఓపికయు.

5. అతిథి ధర్మము

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్నకు వత్తము. మనుష్యుడు విశ్రాంతికై పోవు నాలుగు నెలలును, అచ్చటి ప్రాణులు క్షణమైన తీరికలేక పాటుపడు నాలుగు నెలలును ఒక్కటే. ఇంటిలో పెండ్లిపనులు జరుగుచున్నప్పుడు చుట్టము వచ్చినట్లు, సరిగా ఆ వేళకే మనుష్యుడు వచ్చును. అట్లయిన మనుష్యుని రానీయకుండుటయే మేలా?

కొంతవరకు వెనుకకు తగ్గుట అవసరమని ఆ ప్రభుత్వము గ్రహించెను. 1954లో వనములో క్రొత్త యిండ్లకు స్థలములు కౌలునకిచ్చుట మాని, ఉన్న విడుదులను క్రమముగా తగ్గింప నిశ్చయించిరి. హైలాండ్ ఇన్ హోటలును ప్రభుత్వమే కొని, 1957లో తగులబెట్టించెను. అది యున్న చోట నేడు పైను చెట్లు నిలిచియున్నవి. 1978లో బాటలేని లోపలి భాగమునకు రేకు డబ్బాలను, సీసాలను కొనిపోగూడదని శాసించిరి. ఒక విడిదిస్థలమున తొమ్మండుగురికంటె ఎక్కువమంది దిగరాదు. కొనిపోయిన చెత్తను మోసికొని తిరిగిరావలెను. ఇవి కఠినమైన నియమములు. కాని ఇవి లేనియెడల అతిథులే ఆ యింటిని కూల్చివేసియుందురు.

అయినను మనుష్యుని పూర్తిగా వెలివేయుట మందు కాదనుటకు తోడేళ్ల కథయే సాక్ష్యము. 1950వ దశకము చివర వరకు ఈ వనములో కాపరులే తోడేళ్లను దుష్టమృగములని చంపుచుండిరి. పిమ్మట డగ్లస్ పిమ్లాట్ అను శాస్త్రజ్ఞుడు వానిని పరిశోధించుచు, మనుష్యుడు తోడేలువలె కూయగా తోడేళ్లు బదులు పలుకునని కనుగొనెను. 1963 ఆగస్టులో వనాధికారులు ప్రజలను రాత్రివేళ బాటప్రక్కకు పిలిచి ఆ కూత వినిపింప బూనిరి. కొద్దిమంది వత్తురనుకొనగా వందలకొలది వచ్చిరి. మోటారుల దీపములార్పి, చంటిపిల్లలను ఊరుకోబెట్టి, జనులందరు చీకటిలో చెవియొగ్గి నిలిచిరి. అదిమొదలు అది అచ్చట ఆగస్టు మాసపు ఆచారమైనది. ముందటిరాత్రి తోడేళ్ల జాడ తెలిసినప్పుడే ఆ సభ జరుగును. తాతలు తుపాకితో వెదకిన ప్రాణికై మనుమలు ఊపిరి బిగబట్టి వేచియుందురు. వనము పొలిమేర దాటిన తోడేళ్లను చంపుచుండుటచే ఆ జాతి నిలువదని తెలిసినప్పుడు, చుట్టుపట్ల ప్రాంతములలోను వాని వేట 2004లో శాశ్వతముగా నిషేధింపబడెను. శాస్త్రజ్ఞుల లెక్కలు అందుకు ఆధారమైనవి; ఆ కూత విన్నవారి ప్రేమ ఆ లెక్కలకు బలమైనదని మేము తలంచెదము. చూడనిదానిని మనుష్యుడు ప్రేమింపడు, ప్రేమింపనిదానిని కాపాడడు.

కావున సరస్సు నేర్పు పాఠము ఇది: పొమ్మనుటయు కాదు, ఇష్టము వచ్చినట్లు ఉండుమనుటయు కాదు, అతిథివలె ఉండుమనుట. అతిథి యింటివారి వేళ నెఱుగును, పెట్టినది తినును, గాదెలో చేయి పెట్టడు, పోవునప్పుడు తాను కూర్చుండిన చోటును శుభ్రముచేసి పోవును. మొదటి మనుష్యునికి తోటను అప్పగించిన దేవుడు, దాని ఫలములను తినుటకు సెలవిచ్చుటతోపాటు దానిని కాచు పనియు అప్పగించెనని మన గ్రంథము బోధించుచున్నది. కాపలాలేని అనుభవము దోపిడి యగును.

మన దేశమున ఇదే ధర్మము తిరుగవేసి కనబడును. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునకు ఏటేట శీతకాలమున గూడబాతులును కొంగలును వచ్చి, ఊరి చింతచెట్లమీద గూళ్లు కట్టును. అచ్చట పక్షులే అతిథులు, మనుష్యులే యింటివారు. ఆ పక్షుల రాక శుభమని యెంచి ఊరివారు వానికి హాని చేయరు. ఆల్గోంక్విన్‌లో అతిథికి శాసనము నేర్పిన మర్యాదను, ఇచ్చట ఇంటివారికి ఆచారము నేర్పినది.

6. సెలవులలో చేయదగిన పని

కెనడాకు పోగలవారు మనలో ఎందరో చెప్పజాలము. కాని ప్రతి విద్యార్థికి దాపున ఒక చెరువో, కాలువో, మడుగో ఉండకపోదు. వేసవి సెలవులలో ఈ క్రింది ప్రశ్నలకు జవాబులు వ్రాసి, బడి తెరచినప్పుడు తమ ఉపాధ్యాయులకు చూపవలసినదని కోరుచున్నాము.

(1) మీ చెరువులో ఉదయమునను మధ్యాహ్నమునను పైనీటి వేడిమియు మోకాటిలోతు నీటి వేడిమియు ఒకటేనా? ఉష్ణమాపకము లేనిచో చేతితోనే పరీక్షింపుడు.

(2) ఎండకాలమున ఆ నీటినే నమ్ముకొని బ్రతుకు పక్షులు, తాబేళ్లు, చేపలు ఏవి? వాని పేర్లను మీ ఊరివారు పిలుచునట్లే వ్రాయుడు. మీ తాతయ్యలను, చేపలు పట్టువారిని అడుగుడు.

(3) వారి చిన్ననాట ఉండి ఇప్పుడు కనబడనివి ఏవి? ఎప్పటినుండి కనబడుట లేదు?

(4) ఆ చెరువులో ఏమేమి పారవేయబడుచున్నది? అందులో ఏది మీ యింటినుండి వచ్చినది?

నాలుగవ ప్రశ్నకు జవాబు వ్రాయుట కష్టముగా తోచవచ్చును. తల్లిదండ్రులు తమ పిల్లలతోకూడ కూర్చుండి దానిని వ్రాయింపవలెనని మా మనవి.